టెక్ సందేహాలు: కాక్‌పిట్‌లో ఐప్యాడ్ పలకాలంటే ఏ గ్లోవ్స్ కొనాలి?

ప్రశ్న: మాది గాజువాక. వేరే రాష్ట్రంలో కమర్షియల్ పైలట్ శిక్షణ తీసుకుంటున్నాను, సెలవులకి ఇంటికి వచ్చాను. మేం నేర్చుకునేది సెస్నా 172 అనే చిన్న విమానం మీద. చెమటకి యోక్ (విమానాన్ని నడిపే స్టీరింగ్ లాంటిది) జారుతోందని, లంబసింగి వెళ్లినప్పుడు కొన్న బైక్ గ్లోవ్స్ వేసుకున్నాను. తొడకి కట్టుకున్న ఐప్యాడ్ అసలు పలకలేదు. మ్యాప్ జరపాల్సిన ప్రతిసారీ గ్లోవ్‌ని పళ్లతో లాగాల్సి వచ్చింది. ఇన్‌స్ట్రక్టర్ ఒకటే నవ్వు. ఆన్‌లైన్‌లో ‘టచ్‌స్క్రీన్ పైలట్ గ్లోవ్స్’ అని కనిపిస్తున్నాయి, కొనమంటారా?

జవాబు: ఆ పేరు చూసి మాత్రం కొనకండి. టచ్ పనిచేయడం చివర చూసుకోవాల్సిన సంగతి. అయినా మీరు అడిగింది అదే కాబట్టి దాంతోనే మొదలుపెడదాం.

ఐప్యాడ్ తెర మీ వేలి ఒత్తిడిని చూడదు. వేలు దగ్గరికొస్తే తెర మీది విద్యుత్ క్షేత్రంలో వచ్చే చిన్న తేడాని పట్టుకుంటుంది. మధ్యలో మందపాటి తోలో, గుడ్డో అడ్డం పడితే ఆ తేడా దానికి అందదు. అందుకే టచ్ గ్లోవ్స్‌లో వేలి కొసన వెండి పూత లాంటిది వేసిన దారం కలిపి నేస్తారు. కొత్తలో బాగానే పనిచేస్తుంది. ఉతికే కొద్దీ, అరిగే కొద్దీ పూత పోతుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో టచ్ సెన్సిటివిటీ పెంచే సెట్టింగ్ ఉంటుంది, ఐప్యాడ్‌లో అది లేదు.

‘పోనీ ఓ స్టైలస్ కొంటే సరి’ అనుకుంటారేమో. ఇక్కడే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు. కొసన రబ్బరు బుడిపె ఉండే చవక స్టైలస్ కూడా మీ చేతి మీదే ఆధారపడుతుంది. చేతికి తోలు తొడుగు ఉంటే అది కూడా మొరాయిస్తుంది. లోపల బ్యాటరీ ఉండి తనే సిగ్నల్ పంపే రకం అయితే గ్లోవ్‌తో ఇబ్బంది ఉండదు. దాన్ని తాడుతో నీబోర్డుకి (తొడకి కట్టుకునే పలక) కట్టుకోండి. పెడల్స్ కిందకి దొర్లితే గాల్లో వంగి వెతుక్కునే పని పెట్టుకోకూడదు.

ఇక అసలు విషయం. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్ పైలట్లు కొందరు నేల మీదికి దిగాక ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) ఎత్తబోయి చక్రాలు మడిచేసేవారు. రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, ఒకే తీరుగా ఉండేవి మరి. ఆల్ఫాన్స్ చాపానిస్ అనే సైకాలజిస్టు ఒకదానికి చిన్న రబ్బరు చక్రం, ఇంకోదానికి ఫ్లాప్ ఆకారపు ముక్క తగిలించమన్నాడు. చెయ్యి తగలగానే ఏది ఏదో తెలిసిపోయేది. మీ 172లో చక్రాలు మడవవు కానీ ఆ ఆలోచన మాత్రం అందులోనూ ఉంది. ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే థ్రాటిల్ నల్లగా, గుండ్రంగా, నున్నగా ఉంటుంది. ఇంధనం, గాలి పాళ్లు మార్చే మిక్స్చర్ ఎర్రగా, అంచున గాట్లతో ఉంటుంది. చూపు బయట ఉంచి, వేళ్లతో తడిమి పోల్చుకోవడానికే ఆ తేడా. గ్లోవ్ వేసుకున్నాక ఆ గాట్లు మీ వేలికి తెలియకపోతే అది ఎంత ఖరీదైనదైనా దండగ.

కొనే ముందు షాపులోనే గ్లోవ్ తొడుక్కుని, కళ్లు మూసుకుని జేబులోంచి రూపాయి నాణెం తీసి బల్ల మీద పెట్టి, మళ్లీ పైకి తీయండి. పెన్నుతో మీ పేరు రాయండి. చెక్‌లిస్ట్‌లో ఒక్క పేజీయే తిప్పగలరేమో చూడండి. వీటిలో ఏది కుదరకపోయినా ఆ జత వద్దు. సైజు కోసం బొటనవేలు వదిలేసి అరచేయి చుట్టూ టేపు పెట్టి కొలవండి. చాలా కంపెనీల లెక్కలో 8 అంటే సుమారు 8 అంగుళాలే. రెండు సైజుల మధ్య ఊగిసలాటైతే చిన్నదే తీసుకోండి. తోలు కాస్త సాగుతుంది. వేలి కొస దగ్గర ఖాళీ మిగిలితే స్విచ్‌ల మధ్య ఇరుక్కుంటుంది.

తర్వాత బట్ట. గ్లోవ్ వేసుకోవడానికి గట్టి కారణం ఒకటుంటే అది మంటే. మీ బైక్ గ్లోవ్స్‌లో నైలాన్, పాలిస్టర్ లైనింగ్ ఉండే అవకాశం ఎక్కువ. అవి 220 - 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి చర్మానికి అతుక్కుంటాయి. గ్లోవ్ లేకపోవడం కన్నా అది ఘోరం. నోమెక్స్ అనే, మంటని తట్టుకునే రకం దారం కరగదు, నల్లబడి బొగ్గులా మారుతుంది. మిలిటరీ పైలట్ల గ్లోవ్స్‌లో వెనకవైపు నోమెక్స్, అరచేతివైపు పల్చటి మేక లేదా గొర్రె తోలు ఉండడం దానికే. లేబుల్ మీద నమ్మకం లేకపోతే మన పెద్దవాళ్లు పట్టుచీర కొనేటప్పుడు చేసే పనే చేయండి. లోపలి కుట్టులోంచి ఒక దారం లాగి, పట్టకారుతో పట్టుకుని ఆరుబయట అగ్గిపుల్ల చూపించండి. ముడుచుకుని గట్టి పూసలా తయారైతే అది కరిగే రకం సింథటిక్. మంట తీయగానే ఆగి నల్లబడి ఊరుకుంటే మీకు కావాల్సింది అదే.

గోల్ఫ్ గ్లోవ్స్ వాడొచ్చా అని ఇదివరకు ఒకరు అడిగారు. మంచి రకం వాటి గొర్రె తోలు నిజంగా పల్చగా, హాయిగా ఉంటుంది. కానీ ఎక్కువగా ఒక్క చేతికే అమ్ముతారు, వెనకవైపు సాగే గుడ్డ తరచూ సింథటిక్కే. పట్టు కోసమైతే పర్వాలేదు, మంట నుంచి కాపాడుతుందని ఆశపడకండి. టచ్ కోసం గ్లోవ్ చూపుడువేలు కొస కత్తిరించుకోవడం గురించీ నా మాట ఇదే.

ఇంకో ముక్క. ఎగిరే ముందు ట్యాంకు కింద ఇంధనం శాంపిల్ తీస్తారు కదా, దానికి ఈ గ్లోవ్స్ వాడకండి. ఆ నీలిరంగు ఏవ్‌గ్యాస్‌లో సీసం ఉంటుంది. పైగా ఇంధనమో నూనో ఇంకితే నోమెక్స్ గ్లోవ్ కూడా అంటుకుంటుంది. మెడికల్ షాపులో దొరికే నైట్రైల్ గ్లోవ్స్ చాలు, పని కాగానే తీసి పారేయండి. చెమటకి తడిసిన తోలు గ్లోవ్స్‌ని మన విశాఖ ఎండలో ఆరేశారంటే అప్పడంలా బిగుసుకుపోతాయి. ఫ్యాను కింద నీడనే ఆరనివ్వండి.

ఇంత చెప్పాక ఒక అనుమానం. 172లో ట్రిమ్ (యోక్ మీద పడే ఒత్తిడిని తగ్గించే ఏర్పాటు) సరిగ్గా పెడితే యోక్‌ని రెండు వేళ్లతో పట్టుకుంటే చాలు. జారుతోందంటే బిగించి పట్టుకుంటున్నారేమో. మొదట్లో ఆ టెన్షన్ మామూలే. కొనే ముందు మీ ఇన్‌స్ట్రక్టర్‌ని ఆ సంగతి కూడా అడగండి, ఈసారి నవ్వరు. నేనైతే మే నెలలో జేబులో ఓ చేతిరుమాలు పెట్టుకుని, గ్లోవ్స్ కొనడం దసరా దాకా వాయిదా వేస్తాను.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. థర్మాకోల్‌తో ఎలక్ట్రిక్ ఆర్సీ (రిమోట్‌తో నడిచే) విమానం చేశాడు. ప్రొపెల్లర్ తగిలి వేలు తెగింది. గ్లోవ్స్ కొనిపెట్టనా? బీచ్ రోడ్డులో ఎగరేస్తానంటున్నాడు.
- ఒక తండ్రి, ఎంవీపీ కాలనీ

జవాబు: వద్దండీ. తిరిగే ప్రొపెల్లర్‌కి గ్లోవ్ అడ్డు కాదు, వదులుగా ఉంటే గుడ్డని పట్టి చేతినే లోపలికి లాగుతుంది. మోటార్, రిమోట్ పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్ ఊడదీసి ఉంచమనండి. ముందు రిమోట్ ఆన్ చేసి, థ్రాటిల్ పూర్తిగా కిందికి దించి, ఆఖర్న బ్యాటరీ తగిలించాలి. తీసేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత రిమోట్. బ్యాటరీ తగిలించిన క్షణం నుంచి చెయ్యి ప్రొపెల్లర్ వెనకే ఉండాలి.

బీచ్ రోడ్డు సంగతి మరిచిపోండి. ఇది నేవీ ఊరు, నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా కూడా ఇక్కడే ఉంది. ఎక్కడ ఎగరేయాలన్నా ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడాలి. ఈలోగా బీచ్ రోడ్డులోనే ఉన్న టీయూ-142 మ్యూజియంకి తీసుకెళ్లండి. 29 ఏళ్లు నేవీలో పనిచేసిన విమానం అది, దాని ప్రొపెల్లర్లు చూస్తే మీవాడికి వేలి నొప్పి గుర్తుండదు.

ప్రశ్న: ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడుతుంటే జాయ్‌స్టిక్ చెమటకి జారిపోతోంది. పైలట్ గ్లోవ్స్ పనికొస్తాయా?
- డిగ్రీ విద్యార్థి, మధురవాడ

జవాబు: మీ గదిలో మంటలు రావు కాబట్టి అంత ఖర్చు అక్కర్లేదు. టెన్నిస్ రాకెట్ పిడికి చుట్టే గ్రిప్ టేపు జాయ్‌స్టిక్‌కి చుట్టండి, బటన్లు మూసుకుపోకుండా చూసుకోండి.