సమాధానం: నడుస్తున్న ప్రోగ్రాముకు స్ట్రేస్ తగులుకోవడం లేదు

నమస్కారమండీ. రాయగడలో మీ దుకాణం బిల్లింగ్ ప్రోగ్రామును స్ట్రేస్‌తో (ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగే పనులను వరుసగా చూపే సాధనం) మొదలుపెడితే అన్నీ కనబడుతున్నాయి, కానీ ముందే నడుస్తున్నదానికి తగిలిస్తే ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అంటోంది అన్నారు. మీ వాడుకరి ఖాతాలో లోపమేమీ లేదు. ఉబుంటు కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో, యామా అనే రక్షణ ఉంది. ఒక ప్రోగ్రాము మరోదాన్ని ఎంతవరకు గమనించవచ్చో చెప్పే దాని పీట్రేస్ స్కోప్ విలువ మామూలుగా 1. అంటే సాధారణ వాడుకరి నడిపే స్ట్రేస్ తాను పుట్టించిన ప్రాసెస్‌నే (నడుస్తున్న ప్రోగ్రామునే) గమనించగలదు. వేరుగా మొదలైనదాన్ని కాదు.

కాబట్టి సుడోతో (నిర్వాహకుడి హక్కులతో) నడపండి: స్ట్రేస్, మైనస్ ఎఫ్, మైనస్ వై, మైనస్ పి, ఆ తర్వాత ప్రాసెస్ సంఖ్య. మైనస్ ఎఫ్ తప్పక పెట్టండి, లేకపోతే ప్రోగ్రాములో సమాంతరంగా నడిచే మిగతా పనుల (థ్రెడ్ల) జాడే తెలియదు. మైనస్ వై వల్ల ఫైలు సంఖ్య పక్కనే దాని దారి కూడా వస్తుంది. ప్రోగ్రాము బిగుసుకుపోయినప్పుడు ‘రీడ్’ (చదవడం) అనే పిలుపు దగ్గర వరుస సగంలో ఆగిందంటే, అది దేనికోసం ఎదురుచూస్తోందో అక్కడే దొరుకుతుంది.

చూడటం అయ్యాక కంట్రోల్ సి నొక్కండి, స్ట్రేస్ విడిపోతుంది, బిల్లింగ్ ఆగదు. పీట్రేస్ స్కోప్ విలువను 0కి మార్చమని ఎవరైనా చెబితే వద్దు. డబ్బు లెక్కలున్న యంత్రంలో ఆ తలుపు తెరవకూడదు.

సుడోతోనూ అదే మాట వస్తే, ప్రాక్ అనే ఫోల్డరు కింద ఆ ప్రాసెస్ స్టేటస్ ఫైలులో ట్రేసర్ పిడ్ (దాన్ని గమనిస్తున్న ప్రాసెస్ సంఖ్య) చూడండి. అది 0 కాకపోతే జీడీబీ (లోపాలు వెతికే సాధనం) లాంటిది ముందే పట్టుకుని ఉంది. ఒకేసారి ఇద్దరికి చోటు లేదు.