రౌండ్ బేలర్‌లో గడ్డి చుట్టకు పురికొస ఎందుకు పట్టదు?

బెంగళూరు పక్కన హోస్కోటెలో రౌండ్ బేలర్‌తో, అంటే గడ్డిని గుండ్రటి చుట్టలుగా కట్టే యంత్రంతో, రాగిగడ్డి కట్టిస్తుంటే పురికొస పట్టడం లేదని, చుట్ట ఒకవైపే లావుగా వస్తోందని అడిగారు.

ముందు పీటీవో (ట్రాక్టర్ నుంచి బేలర్‌కు శక్తినిచ్చే షాఫ్ట్) ఆపి, ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకోండి. రోలర్లు తిరుగుతుండగా పురికొసను చేత్తో అందించబోతే చెయ్యి లోపలికి పోతుంది. దయచేసి ఎవరినీ ఆ పని చేయనివ్వకండి.

పురికొసను లోపలికి అందించే గొట్టం నుంచి దాని కొస ఎంత వేలాడుతోందో చూడండి. మరీ పొట్టిగా ఉంటే లోపలికి వెళ్లే గడ్డి దాన్ని లాక్కుపోలేదు. కత్తి మొద్దుబారినా ఇబ్బందే: తాడు శుభ్రంగా తెగక, పీచు లేచి గొట్టంలో ఇరుక్కుంటుంది. నా అనుమానం మొదట కత్తి మీదే. టెన్షన్ మరీ బిగించినా తాడు కదలదు. కట్టడం మొదలయ్యేటప్పుడు కాస్త గడ్డి లోపలికి వెళ్తూ ఉండాలి, అదే కొసను పట్టుకుని లాగుతుంది.

చుట్ట వంకర మాత్రం డ్రైవర్ చేతిలో ఉంది. గడ్డి వరుస పికప్ (నేల మీది గడ్డిని ఎత్తి లోపలికి వేసే భాగం) కంటే సన్నగా ఉంటే కాసేపు ఎడమ అంచున, కాసేపు కుడి అంచున నింపుతూ నడపాలి. పొద్దున్నే మంచు తడి ఆరకముందు మొదలుపెట్టకండి, తడిగడ్డి రోలర్లకు చుట్టుకుంటుంది, చుట్టలో బూజు కూడా పడుతుంది.