ఈసారి సేమియా గిన్నె రాలేదు

ప్రశ్న: మాది కడప. ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. నా పక్క సీటామె ముస్లిం. పద్నాలుగేళ్లుగా కలిసి పనిచేస్తున్నాం, అక్కా అని పిలుస్తాను. మధ్యాహ్నం ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుకునేవాళ్లం. రంజాన్ నెలలో ఆమె నాలుగింటికే ఇంటికి వెళ్తుంది, దానికి ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. ఈసారి, అంటే 2025లో, అది సరిగ్గా మార్చిలో పడింది. బిల్లులన్నీ మా మీద పడి రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చున్నాం. సెక్షన్‌లో వాళ్లు ఆఫీసరుకు అర్జీ రాస్తే, అందరూ పెట్టారని నేనూ సంతకం పెట్టాను. అందులో ‘మతం పేరు చెప్పి పని ఎగ్గొడుతున్నారు’ అని ఉందని తర్వాత తెలిసింది. ఆఫీసరు ఆమెను పిలిచి ఆ కాగితం చూపించారు. అప్పట్నుంచి నాతో ఫైళ్ల గురించి తప్ప మాట్లాడదు. ఉగాదికి ఓళిగలు పంపడానికి నాకు మొహం చెల్లలేదు. మర్నాడు రంజాన్‌కు ప్రతి ఏడూ మా ఇంటికొచ్చే సేమియా గిన్నె ఈసారి రాలేదు. మా ఆయన ‘వాళ్లతో అంత స్నేహం మనకెందుకు, వదిలెయ్’ అంటున్నారు. నిద్ర పట్టడం లేదు. నేను చేసింది అంత పెద్ద తప్పా?
– ఒక సోదరి, కడప

జవాబు: అమ్మా, రాత్రి ఎనిమిదింటిదాకా ఆఫీసులో కూర్చున్న మనిషికి కోపం రావడం తప్పేమీ కాదు. మార్చి నెల ఎలా ఉంటుందో నాకు తెలుసు. సర్వర్ మొరాయిస్తుంది, ట్రెజరీ నుంచి బిల్లు వెనక్కొస్తుంది, ఇంట్లో పిల్లలు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటారు. మీ సెక్షన్ బాధ నిజమే. కానీ ఆ బాధ ఎవరి వల్ల వచ్చింది? గంట ముందు వెళ్లొచ్చని ప్రభుత్వం ఏటా ఉత్తర్వు ఇస్తుంది. అత్యవసరమైన పని ఉంటే ఆగాలన్న షరతు కూడా అందులో ఉంటుంది. ఆ గంట పనిని ఎవరు, ఎలా చూసుకోవాలో పంచి పెట్టాల్సింది మీ ఆఫీసరు. ఆయన ఆ పని చేయలేదు. మీరంతా కలిసి ఆయన్ను అడగాల్సిన మాటను ఆమె మీద రాశారు.

ఆమె నొచ్చుకున్నది అర్జీ పెట్టినందుకు కాదనుకుంటాను. ‘పని ఎక్కువైంది, ఇంకొకరిని ఇవ్వండి’ అని రాసి ఉంటే ఆమే మొదటి సంతకం పెట్టేదేమో. ‘మతం పేరు చెప్పి ఎగ్గొడుతున్నారు’ అన్న వాక్యం కిందే మీ పేరు ఉంది. పద్నాలుగేళ్లు పక్కన కూర్చుని మీరు ఆమెను దొంగ అన్నట్టే అయింది. చదవకుండా పెట్టానంటున్నారు. ఫైలు చదవకుండా ఇనీషియల్ వేయొద్దని కొత్తగా చేరిన పిల్లలకు మీరే చెప్పి ఉంటారు కదా! కాబట్టి ఆ మాట ఆమె దగ్గర సాకుగా చెప్పకండి. మరీ చులకనవుతారు.

నాలుగింటికి వెళ్లిన మనిషి ఏం చేస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? తెల్లారి నాలుగుకు ముందే లేచి సహరీకి వండి, పగలంతా మంచినీళ్లు కూడా ముట్టకుండా మీతో పాటు బిల్లులు చూసి, ఆరున్నరకు ఇఫ్తార్ వేళయ్యేలోపు ఇంటిల్లిపాదికీ మళ్లీ వండాలి. ఆ గంట ఆమెకు విశ్రాంతి కాదు, ఇంకో డ్యూటీ. శ్రావణ శుక్రవారం వ్రతం చేసుకుని ఆఫీసుకు పరుగెత్తిన ఆడవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ శుక్రవారాల్లో మీరు ఆలస్యంగా వస్తే మీ సీటు ఎవరు చూశారో గుర్తు చేసుకోండి. అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు సాయంత్రం పూజకు ముందే బయల్దేరితే మీ ఆఫీసులో ఎవరైనా అర్జీ రాశారా? మన పండగ మనకు రోజూ ఉండే అలవాటులా అనిపిస్తుంది, ఎదుటివాళ్లది మాత్రం మినహాయింపులా కనిపిస్తుంది. ఇందులో నేనూ మీకంటే ఏమీ మెరుగు కాదు. ఉద్యోగం చేసే రోజుల్లో ఆయుధ పూజ చందా ముస్లిం, క్రైస్తవ సహోద్యోగుల దగ్గర కూడా అడక్కుండానే రాసేసుకునేవాణ్ణి. వాళ్లు కాదనలేక ఇచ్చారని రిటైరయ్యాక గానీ తట్టలేదు.

మన కడపలో మతసామరస్యం గురించి చెప్పమంటే ఎవరైనా గంటసేపు చెప్తారు. ఉగాది నాడు ముస్లింలు దేవుని కడపకు పోయి, బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ కాబట్టి వెంకటేశ్వరస్వామి తమ అల్లుడని కొబ్బరికాయ కొడతారు. పెద్ద దర్గా ఉరుసుకు అన్ని కులాలవాళ్లూ పోతారు. బ్రహ్మంగారికి దూదేకుల సిద్ధయ్యే ప్రియశిష్యుడు. అనంతపురం వైపు గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండక్కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది హిందువులే. మా నాయనమ్మ పేరు హుసేనమ్మ, ఆమె పూజించేది వెంకన్న పటాన్ని. ఇవన్నీ నిజాలే, వాటికి నేను గర్వపడతాను కూడా. కానీ అమ్మా, పండగ రోజు కలవడంలో కష్టమేముంది? ఆ రోజు అందరికీ సెలవే. మార్చి నెలలో సాయంత్రం నాలుగు గంటలప్పుడు, టేబుల్ మీద నలభై బిల్లులు ఉన్నప్పుడు పక్కవాళ్లకు గంట ఇవ్వడమే కష్టం. మీ సెక్షన్ తట్టుకోలేకపోయింది అక్కడే.

ఇక మీ ఆయన మాట. మీ ఇద్దరి స్నేహం ఆయన పద్నాలుగేళ్లు చూశారు, సేమియా ఆయనా తిన్నారు. ఇప్పుడొచ్చిన ఈ ‘వాళ్లు’ అనే మాట ఆయనది కాదు, ఏదో వాట్సాప్ గ్రూపుదై ఉంటుంది. ఆయనతో వాదన పెట్టుకోకండి. ‘నేను పోయి వస్తా’ అని చెప్పి బయల్దేరండి, చాలు.

ఆమె ఇంటికే పోండి. ఆఫీసులో, నలుగురి ముందు వద్దు. స్వీట్ బాక్సు తీసుకుపోకండి, అది లంచంలా ఉంటుంది. ‘మాకు మీ మతమంటే గౌరవం’ అని కూడా అనొద్దు. అక్కడ మతం ప్రసక్తి లేదు. ‘అక్కా, ఆ కాగితం మీద నేను సంతకం పెట్టడం తప్పు’ అని, అంతటితో ఆపండి. ‘అందరూ పెట్టారు కాబట్టి’ అనే ముక్క నాలుక చివరిదాకా వస్తుంది, మింగేయండి.

అయితే ఆమెకు చెప్పి ఊరుకుంటే సగమే అవుతుంది. ఆ కాగితం ఇప్పటికీ ఆఫీసరు దగ్గర ఫైల్లోనే ఉంది. రేపు ఆమెకు ప్రమోషనో ట్రాన్స్‌ఫరో వచ్చినప్పుడు ఎవరైనా బయటికి తీయొచ్చు. అందుకే ఆఫీసరుకు మీ పేరు మీద రెండు లైన్లు రాసివ్వండి: ఫలానా తేదీ అర్జీలో ఆమె గురించి రాసిన వాక్యంతో నేను ఏకీభవించను, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను, పని పంపకం గురించి మాత్రం మా ఇబ్బంది నిజమే. చివరి ముక్క వదలొద్దు. అది లేకపోతే సెక్షన్‌లో మిగతావాళ్లు మిమ్మల్ని ఇంటిదొంగలా చూస్తారు. ఉన్నా కొన్నాళ్లు చూస్తారులెండి. ఒకరిద్దరు మీ దగ్గరికొచ్చి ‘మేమూ సరిగ్గా చదవలేదు’ అని నెమ్మదిగా అంటే ఆశ్చర్యపోకండి.

వచ్చే ఏడాదికి ఇప్పుడే ఒక ఏర్పాటు చేసుకోండి. రంజాన్ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో ఫిబ్రవరిలో మొదలై మార్చి మూడో వారానికల్లా అయిపోతుంది, 2028లో అసలు మార్చి జోలికే రాదు. అంటే మిగిలింది రెండేళ్ల సర్దుబాటు. ఆ నెలలో ఆమె ఉదయం గంట ముందు వచ్చి ముందురోజు బిల్లులు సరిచూసి పెట్టగలదేమో అడగండి, సాయంత్రం పోర్టల్ పని మీలో ఇద్దరు వంతులవారీగా చూసుకోండి. ఆమె ఒప్పుకుంటేనే సుమా, బలవంతం లేదు. ఐచ్ఛిక సెలవుల విషయంలో ప్రభుత్వం ఈ పని ఎప్పుడో చేసింది. ఏడాదికి ఐదు, ఏ మతంవాళ్లయినా ఏ పండక్కయినా తీసుకోవచ్చు. మీకు సెలవు కావాల్సిన రోజున ఆమె, ఆమెకు కావాల్సిన రోజున మీరు సీట్లు చూసుకుంటూనే ఉన్నారు కదా ఇన్నేళ్లూ.

ఆమె వెంటనే కరిగిపోతుందని నేను హామీ ఇవ్వలేను. తలుపు తీసి, కూర్చోమని, టీ ఇచ్చి, పిల్లల చదువుల గురించి మాత్రమే మాట్లాడి పంపొచ్చు. టీ తాగి వచ్చేయండి. మర్నాడు మధ్యాహ్నం మీ డబ్బా తీసుకుని ఆ పాత బల్ల దగ్గరికే పోయి కూర్చోండి. చెనక్కాయల ఊరిబిండి కొంచెం ఎక్కువే పెట్టుకోండి.