క్యాప్‌కి 18 రూపాయలు: ఎఫ్‌డీ తీసి ఎంబ్రాయిడరీ మెషీన్ కొనాలా?

ప్రశ్న: ఉప్పల్‌లో టైలరింగ్ చేస్తాను. ఖర్చులు పోను నెలకు 15 వేలు మిగులుతాయి. బేగంబజార్‌లో క్యాపులు హోల్‌సేల్‌గా అమ్మే ఒకాయన, క్యాపు వెనక క్రికెట్ అకాడమీల పేర్లు కుట్టిస్తే ఒక్కోదానికి 18 రూపాయలిస్తానన్నారు. నెలకు 3,000 క్యాపులట. పేర్లు ఎక్కువగా 14 ఇంగ్లిష్ అక్షరాలవి. ఒకసారికి ఒకే క్యాపు కుట్టే సింగిల్ హెడ్ ఎంబ్రాయిడరీ మెషీన్‌కు డీలర్ 4.5 లక్షలు చెప్పారు. నిమిషానికి 1,000 కుట్లు, రోజుకు 240 క్యాపులు ఖాయమన్నారు. నా దగ్గరున్న 5 లక్షల ఎఫ్‌డీ తీసి కొనేయనా?

జవాబు: ఎఫ్‌డీ తీయకండి. 18 రూపాయలకే అయితే మెషీన్ కూడా కొనకండి. డీలర్ చెప్పిన వేగం టీషర్టు మీద కొంతవరకు నిజమేమో గానీ, క్యాపు మీద కాదు. వంపుగా, బిగువుగా ఉండే క్యాపును 600 కుట్ల వేగంతో నడిపితేనే దారం తెగకుండా అక్షరం శుభ్రంగా వస్తుంది.

మీ పనికి కట్టిన లెక్క ఇది. 10 మిల్లీమీటర్ల ఎత్తున 14 అక్షరాలంటే దాదాపు 1,800 కుట్లు, అంటే మూడు నిమిషాలు. ప్రతి అక్షరం తర్వాత మెషీన్ ఆగి దారం కత్తిరించుకుని ముందుకెళ్లడానికి ఆరు సెకన్లు వేసుకున్నా ఇంకో నిమిషంన్నర పోతుంది. డిజైన్ చేసేవారు అక్షరాలను దగ్గరి కొసల దగ్గర కలిపితే ఇందులో కొంత మిగులుతుంది, ఆ మాట ముందే అడగండి. క్యాపును బిగించే ఫ్రేమ్ ఒకటి మెషీన్ మీద ఉండగా రెండోదానికి క్యాపు ఎక్కించుకున్నా మార్చడానికి 40 సెకన్లు. మొత్తం ఐదు నిమిషాలు. బాబిన్ (కింది దారపు చుట్ట) మార్చడానికి, తెగిన దారం ఎక్కించడానికి పోయే సమయం తీసేస్తే గంటకు 10 క్యాపులు. రోజుకు 7 గంటలు, నెలకు 24 రోజులు కూర్చుంటే 1,680. మూడు వేలకు ఒప్పుకుంటే మొదటి నెలలోనే మాట పోతుంది.

1,680 క్యాపులకు 18 చొప్పున 30,240 రూపాయలు. దారం, కుట్టు వెనక వేసే బ్యాకింగ్ గుడ్డ, సూదులు క్యాపుకు 2 రూపాయలనుకుంటే 3,360 పోతాయి. నూటికి రెండు పాడై, 90 రూపాయల క్యాపు మీరే కట్టాల్సి వస్తే 3,060. కరెంటు, మరమ్మతుల నిధి కలిపి 2,500. మిగిలేది 21,320. ధరలో లక్ష మీరు పెట్టుకుని, మిగతా 3.5 లక్షల అప్పును 12 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే కిస్తీ 7,786. అది కట్టాక చేతికొచ్చేది 13,534. టైలరింగ్ మానుకుని రోజంతా మెషీన్ ముందు నిలబడితే, ఇప్పుడొస్తున్న 15 వేలు కూడా రావు.

అందుకే రేటు అక్షరాలను బట్టి మాట్లాడండి. ఎనిమిది అక్షరాల వరకు ఉన్న పేరు మూడు నిమిషాల చిల్లరలో అయిపోతుంది, గంటకు 15 వస్తాయి. దానికి 18 రూపాయలు గిట్టుబాటే. 9 నుంచి 12 అక్షరాలకు 22, ఆపైన 26 అడగండి. 26కు ఒప్పుకుంటే అదే 1,680 క్యాపుల మీద కిస్తీ పోను దాదాపు 27 వేలు మిగులుతాయి. తెలుగు పేర్లకు విడిగా రేటు పెట్టుకోండి. వినాయక చవితికి యూత్ అసోసియేషన్లు ‘శ్రీ’తో మొదలయ్యే పేర్లే అడుగుతాయి. ఆ అక్షరానికి పైన గుడి దీర్ఘం, కింద క్రావడి. సర్దుబాటు పట్టీ పైనుండే అర్ధచంద్రాకారపు ఖాళీకి పైన దొరికే జాగా కొంచెమే. క్రావడి ఆ అంచు కుట్టు మీదికి దిగితే సూది మందమైన మడతకు తగిలి విరుగుతుంది. అక్షరం చిన్నది చేస్తే సున్నాలు, వత్తులు దారంతో పూడిపోతాయి.

పాడయ్యే క్యాపులే మీ లాభాన్ని తింటాయి కాబట్టి కారణాలు తెలుసుకోవాలి. వెనక మధ్యలో రెండు ముక్కలు కలిసే అతుకు ఉంటుంది. దాని మీద సూది పక్కకు జరిగి అక్షరం వంకరపోతుంది. వీలైతే అతుకు రెండక్షరాల మధ్య పడేలా పేరు అమర్చాలి, 75/11 సైజు పదునైన మొన సూది వాడాలి. కుట్టు మధ్య అక్షరం నుంచి రెండు వైపులకూ వెళ్లాలి. ఒక చివర నుంచి మొదలుపెడితే బట్ట జరుగుతూ వచ్చి ముడత పడుతుంది. పట్టీ విప్పి, లోపలి చెమట పట్టీ బయటికి మడిచి క్లిప్పు పెట్టకపోతే అవీ కలిసి కుట్టుకుపోతాయి. కాటన్ ట్విల్ మీద కుట్లు విప్పితే రంధ్రాలు మిగులుతాయి, ఆ క్యాపు ఇక అమ్ముడుపోదు. నూటికి రెండు వరకు నష్టం వ్యాపారిదేనని కాగితం మీద రాయించుకోండి.

కొటేషన్‌లో జీఎస్టీ కలిసిందో లేదో చూడండి. మెషీన్‌తో ఇచ్చే క్యాప్ ఫ్రేమ్ ముందువైపు కుట్టడానికి. వెనకవైపుకు వేరే ఫ్రేమ్ కావాలి, అవి రెండు ఆ ధరలోనే ఇవ్వమనండి.

అప్పుకు, చిన్న వ్యాపారాలకిచ్చే ప్రభుత్వ రుణ పథకం ముద్రలోని కిశోర్ విభాగం సరిపోతుంది. 50 వేల పైన 5 లక్షల వరకు, తాకట్టు అక్కర్లేదు. మూడేళ్లకైతే కిస్తీ 11,625, వడ్డీ దాదాపు 49 వేలు తగ్గుతుంది. అయినా నేను ఐదేళ్లకే తీసుకోమంటాను. ఐపీఎల్ రోజుల్లోనూ చవితి ముందూ పని ఉంటుంది, మిగతా నెలల్లో ఉంటుందన్న హామీ లేదు. ఫ్లోటింగ్ (ఎప్పటికప్పుడు మారే) వడ్డీకి తీసుకోండి. 2026 జనవరి 1 నుంచి మంజూరైన ఇలాంటి చిన్న వ్యాపార అప్పులను ముందే తీర్చినా బ్యాంకులు పెనాల్టీ వేయకూడదు, పని బాగున్న నెలలో అదనంగా కట్టేయొచ్చు. చేతి నుంచి పెట్టాల్సిన లక్షకు ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీ తీయకుండా దాని హామీతో వాడుకునే అప్పు) చాలు, దాని వడ్డీ పైలెక్కలో కలుపుకోండి. మిగతా ఎఫ్‌డీ ఇంటి అవసరాలకే ఉండాలి. పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) సబ్సిడీ ఆలోచన ఉంటే జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగేదాకా డీలర్‌కు డబ్బు కట్టకండి, ముందే కొన్న మెషీన్‌కు అది వర్తించదు.

చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఈ వారమే చేసుకోండి. అది ఉంటే రాతపూర్వక ఒప్పందం ఉన్నా వ్యాపారి 45 రోజుల్లోపు డబ్బివ్వాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ వ్యాపారి క్యాపులే 20 తీసుకుని డీలర్ షోరూమ్‌కు వెళ్లండి. 14 అక్షరాల పేరు పెట్టించి, ఫ్రేమ్ మీరే ఎక్కిస్తూ గంటసేపు నడపండి. అలవాటు లేని చేతికి ఎనిమిది మంచి క్యాపులు వస్తే బ్యాంకుకు వెళ్లొచ్చు. అయిదారే వస్తే మరో డీలర్ దగ్గర ఇంకో మెషీన్ మీద ఇదే పరీక్ష పెట్టండి.