సరుకు నిల్వ పెట్టకుండా తెలుగు డిజైన్ల టీ-షర్టులు ఆన్‌లైన్‌లో అమ్మితే గిట్టుబాటవుతుందా?

ఇరవై వేల రూపాయల పెట్టుబడితో, ఇంట్లో సరుకు పెట్టుకోకుండా, తెలుగు అక్షరాలున్న టీ-షర్టులను ప్రింట్ ఆన్ డిమాండ్ (ఆర్డరు వచ్చాకే ప్రింటు వేయించే) పద్ధతిలో అమ్మవచ్చా అని అడిగారు. కొన్నేళ్లుగా ఇదే పద్ధతిలో చిన్న ఆన్‌లైన్ దుకాణం నడుపుతున్నాను. అమ్మవచ్చు, గిట్టుబాటు కూడా అవుతుంది, అయితే అది ప్రధానంగా ఎన్ని పార్సిళ్లు వెనక్కి వస్తాయన్న దానిమీద ఆధారపడి ఉంటుంది.

తిరుప్పూరులోని క్విక్‌ఇంక్, చెన్నైలోని ప్రింట్‌రోవ్ వంటి సంస్థలు ఆర్డరు వచ్చాకే ఒక్కో చొక్కాను ప్రింటు వేసి, మీ దుకాణం పేరుతో కొనుగోలుదారుకు పంపుతాయి. అమ్మకపు ధర మీ ఇష్టం.

ఇక లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకు మాత్రమే. 599 రూపాయలకు అమ్మిన చొక్కాలో 5 శాతం జీఎస్‌టీ కింద, పైసలు వదిలేస్తే, 28 రూపాయలు పోతాయి. చొక్కాకూ ప్రింటుకూ కలిపి 300, కొరియరుకు 70, చెల్లింపుల రుసుముకు 12 తీసేస్తే 189 మిగులుతుంది. ఇప్పుడు క్యాష్ ఆన్ డెలివరీలో పది ఆర్డర్లు పంపితే మూడు తిరిగి వచ్చాయనుకోండి. వెనక్కి వచ్చిన ప్రతి చొక్కాకూ ప్రింటు ఖర్చుతో పాటు రానుపోను కొరియరు కలిపి 440 రూపాయలు మీ నెత్తినే పడతాయి. అమ్ముడైన ఏడింటి మీద వచ్చిన 1,323 రూపాయల్లోంచి 1,320 పోగా చేతిలో మిగిలేది మూడు రూపాయలు, అదీ ప్రకటనలకు పైసా ఖర్చు పెట్టకపోతేనే. ఒకరి కోసం ప్రత్యేకంగా వేసిన చొక్కాను అదే డిజైను, అదే సైజు మరొకరు అడిగేదాకా అమ్మలేము కూడా.

అందువల్ల నా దుకాణంలో ముందుగా డబ్బు చెల్లించేవారికి యాభై రూపాయలు తగ్గిస్తాను. క్యాష్ ఆన్ డెలివరీ అడిగినవారికి వాట్సాప్‌లో సందేశం పంపి, జవాబు వచ్చాకే ఆర్డరును ప్రింటింగుకు పంపుతాను. సైజుల పట్టికలో ఛాతీ, పొడవు అంగుళాల్లో ఇచ్చి, ఇంట్లో ఉన్న చొక్కాను కొలిచి పోల్చుకోమని రాస్తాను. ఆర్డర్లు కొంత తగ్గినా, మిగిలేది మాత్రం పెరుగుతుంది.

ప్రింటు రకం తెలుసుకోకుండా డిజైన్ మొదలుపెట్టకండి. డీటీజీలో (డైరెక్ట్ టు గార్మెంట్) సిరా నేరుగా నూలు బట్టలోకి దిగుతుంది కనుక స్పర్శకు మెత్తగా ఉంటుంది, కానీ ముదురు రంగు చొక్కాల మీద కింద తెల్లరంగు పొర వేయవలసి ఉంటుంది. డీటీఎఫ్‌లో (డైరెక్ట్ టు ఫిల్మ్) ముందు ఫిల్మ్ మీద ప్రింటు తీసి, జిగురు పొడి చల్లి, వేడి ప్రెస్సుతో బట్టకు అతికిస్తారు. రంగులు మెరుస్తాయి గానీ, ఛాతీ నిండా ఖాళీల్లేకుండా రంగు నింపిన చతురస్రం వేస్తే గాలి ఆడదు, మన ఎండల్లో అలాంటి చొక్కాను ఎవరూ రెండోసారి తొడగరు. అక్షరాల మధ్య ఖాళీలుండే డిజైన్లే దీనికి నప్పుతాయి. ఏ సంస్థను ఎంచుకున్నా 180 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 180 గ్రాముల బరువు) బట్ట మీద నమూనాలు తెప్పించి, నాలుగైదు ఉతుకుల తర్వాత చూసి నిర్ణయించండి. తెర మీద వెలిగే నియాన్ రంగులు బట్ట మీదికి రావు.

తెలుగు అక్షరాలతో ఉన్న ప్రత్యేకమైన చిక్కు ఒత్తులది. ఫొటోషాప్‌లో దక్షిణాసియా లిపుల అమరికను ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, ప్రింటు వేసేవారికి తెలుగు రాకపోతే ఆ తప్పును పట్టుకునేవారుండరు. గూగుల్ ఫాంట్స్‌లోని రామభద్ర, సురవరం, ధూర్జటి, తిమ్మన ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి కనుక వాటితో వేసిన డిజైన్లను అమ్ముకోవచ్చు. అక్షరాలను అవుట్‌లైన్లుగా (ఫాంటుతో పనిలేని ఆకారాలుగా) మార్చి, నేపథ్యం లేని పీఎన్‌జీ ఫైలుగా 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, ఇవ్వండి. పన్నెండు అంగుళాల వెడల్పుకు 3,600 పిక్సెళ్లు కావాలి.

సినిమా డైలాగులు, హీరోల బొమ్మలు త్వరగా అమ్ముడవుతాయి, నేను మాత్రం వాటి జోలికి పోను. 2025 సెప్టెంబరులో నటుడు నాగార్జున వేసిన కేసులో ఆయన పేరునూ రూపాన్నీ అనుమతి లేకుండా వాడరాదని ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వులిచ్చింది. వాటికి బదులు ఒక ఊరి మాండలికమో, ఒక వృత్తివారి సొంత హాస్యమో ఎంచుకుంటే, కొనేవారే తోటివారికి చూపిస్తారు, ప్రకటనల ఖర్చు తగ్గుతుంది.

ఇతర రాష్ట్రాలకు అమ్మాలంటే టర్నోవరు ఎంత తక్కువైనా జీఎస్‌టీ నమోదు అవసరం. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు దుస్తులకు 5 శాతమే పన్ను.

మీ ఇరవై వేలలో నాలుగైదు వేలు నమూనాలకూ, వాటిని మనుషుల మీద తీసిన ఫొటోలకూ పెట్టండి. ఎనిమిది పది వేలు వెనక్కి వచ్చే పార్సిళ్ల కోసం పక్కన ఉంచుకొని, మిగిలినది మాత్రమే ప్రకటనలకు వాడండి. ఏ కళాశాలో, సంఘమో ఒకే డిజైనులో యాభై చొక్కాలు అడిగితే ఆ ఆర్డరును ప్రింట్ ఆన్ డిమాండ్‌కు ఇవ్వకండి. మీ ఊళ్లోనే స్క్రీన్ ప్రింటింగు వేయించండి, ఒక్కో చొక్కాకు అయ్యే ఖర్చు బాగా తగ్గుతుంది, డబ్బు కూడా ముందే తీసుకోవచ్చు.