రక్తంలో ఎంజైములు ఎక్కువున్నాయి, మరి లోపమంటారేంటి?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. ఏడాదిగా వేళ్లు పూర్తిగా చాచలేకపోతున్నాడు. చేతులు తలపైకి ఎత్తలేడు. వాపు లేదు. కీళ్లవాతమని మందులు వాడినా తగ్గలేదు. జన్యు పరీక్షలో జీఎన్‌పీటీఏబీ జన్యువులో లోపముందని, మ్యూకోలిపిడోసిస్-3 అని తేలింది. రక్తంలో మాత్రం లైసోజోమ్ ఎంజైములు చాలా రెట్లు ఎక్కువున్నాయి. ఎక్కువుంటే లోపమెలా అవుతుంది? ఎంజైమ్ ఇంజెక్షన్లు పనిచేస్తాయా? - ఒక తల్లి

జవాబు: మీ సందేహం సరైనదేనమ్మా. బాబు శరీరంలో ఎంజైములు బాగానే తయారవుతున్నాయి. చేరాల్సిన చోటికి చేరడం లేదు, అంతే. కణంలో వ్యర్థాలను అరిగించే లైసోజోమ్‌కు వెళ్లాల్సిన ఎంజైముల మీద మానోజ్-6-ఫాస్ఫేట్ అనే గుర్తు పడాలి. కవరు మీద అడ్రసు లాంటిదన్నమాట. ఆ గుర్తు వేసే పని ఫాస్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే మరో ఎంజైముది. అది మందగిస్తే, గుర్తు పడని ఎంజైములు కణం దాటి రక్తంలోకి వచ్చేస్తాయి. అందుకే రక్తంలో ఎక్కువ, కణాల్లో తక్కువ.

ఈ ఫాస్ఫోట్రాన్స్‌ఫరేజ్‌లో ఆల్ఫా, బీటా, గామా భాగాలు రెండేసి చొప్పున ఉంటాయి. ఆల్ఫా, బీటాలు మొదట 1256 అమైనో ఆమ్లాల ఒకే గొలుసుగా తయారవుతాయి. మీవాడిలో లోపమున్న జన్యువు ఇచ్చేది ఈ గొలుసునే. కణంలో ప్రోటీన్లను సిద్ధం చేసి పంపే గాల్జీ అనే భాగంలో, సైట్-1 ప్రోటియేజ్ అనే ఎంజైము దాన్ని రెండుగా తెంపితే గానీ పని మొదలవదు. తర్వాత కూడా ఫాస్ఫోట్రాన్స్‌ఫరేజ్ గాల్జీలోనే నిలవాలి. నిలిపి ఉంచడానికి లైసెట్ అనే ప్రోటీన్ అవసరమని 2022లో తెలిసింది. గొలుసు పూర్తిగా పనికిరాకపోతే పుట్టుకతోనే తీవ్రంగా కనిపించే మ్యూకోలిపిడోసిస్-2 వస్తుంది. మీవాడిలో కొంత పని మిగిలి ఉంది, అందుకే జబ్బు నెమ్మదిగా బయటపడింది.

ఇక ఇంజెక్షన్లు. అవి ఒక్క ఎంజైము లోపించిన జబ్బులకు. ఇక్కడ ఒకేసారి ఎన్నో ఎంజైములు దారి తప్పుతున్నాయి కాబట్టి ఒకటి ఎక్కించి లాభం లేదు. ఈ జబ్బును మూలం నుంచి నయం చేసే మందు ప్రస్తుతానికి లేదు. ఎవరైనా ఉందని చెబితే నమ్మి డబ్బు పోగొట్టుకోకండి.

కీళ్లవాతం మందులు కొనసాగించాలా అన్నది డాక్టరుతో తేల్చుకోండి. ఫిజియోథెరపీ చేయించండి, కానీ వేళ్లను బలవంతంగా లాగి సాగదీయనివ్వద్దు. తుంటి ఎక్స్‌రే, గుండె కవాటాల కోసం ఎకో క్రమం తప్పకుండా తీయించాలి. రాత్రిళ్లు చేతులు తిమ్మిరెక్కుతున్నాయంటే మణికట్టు దగ్గర నరం నలుగుతున్నట్టే అనుమానించాలి. ఆలస్యం చేయొద్దు. ఏ ఆపరేషన్‌కైనా మత్తు డాక్టరుకు ఈ జబ్బు పేరు ముందే చెప్పండి, మెడ, దవడ బిగుసుకుని శ్వాసగొట్టం వేయడం కష్టమవుతుంది.

మీరడగలేదు గానీ, మరో బిడ్డను అనుకుంటే ముందు మీ దంపతులిద్దరూ జన్యు పరీక్ష చేయించుకోండి. ఇద్దరిలోనూ లోపముంటే ప్రతి గర్భంలో బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం ఉంటుంది. 11 నుంచి 13 వారాల మధ్య మాయ ముక్క తీసి పరీక్షిస్తే తెలిసిపోతుంది. అందుకే బాబు రిపోర్టు భద్రంగా దాచండి. ఏ మార్పు కోసం వెతకాలో అందులోనే ఉంటుంది.