బిడ్డతో పాటు వాళ్ళింటి నుంచి ఏం రావాలి, మనింట్లో ఏం ఉండాలి: ఓ పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి చిట్టికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు పొయ్యి మీద పాలున్నాయి, సగం చెప్పి పెట్టేశాను. వచ్చే నెల నుంచి ఇద్దరు పిల్లల్ని పగలంతా చూసుకోవడానికి ఒప్పుకున్నానన్నావు. ఒకరు ఏడు నెలల పాప, ఇంకొకరు రెండేళ్ళు దాటిన బాబు. "ఏమేం తేవాలండీ అని వాళ్ళు అడిగితే, ఏం వద్దు, బిడ్డని తీసుకురండి చాలు, మిగతావన్నీ నేను చూసుకుంటా అనేశాను పెద్దమ్మా" అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచీ నా మనసు కుదురుగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

వనస్థలిపురంలో మా ఇంట్లో ఇరవై రెండేళ్ళు పిల్లల్ని చూశాను. మొదట్లో నేనూ అలాగే అన్నాను. డైపర్లు అయిపోయాయని చెప్పడానికి మొహమాటం, మందు చీటీ ఏదని అడగడానికి మొహమాటం. చివరికి ఆ మొహమాటానికి ఇబ్బంది పడింది పిల్లలే. పోగా పోగా నాకో లెక్క కుదిరింది. ఆ బిడ్డ నోట్లోకి వెళ్ళేదీ, ఒంటికి తగిలేదీ, వేసే మందూ వాళ్ళింటి నుంచి రావాలి. పిల్లలందరూ కలిసి వాడుకునేవి, అంటే నేల, నీళ్ళు, గాలి, పడుకునే చోటు, ఇంకా మన కళ్ళు, ఇవి మనం ఇవ్వాలి. మొదటి రోజే ఇద్దర్నీ, అమ్మనీ నాన్ననీ, కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పు. అన్నమాట వెనక్కి తీసుకుంటున్నానని సిగ్గుపడకు.

ముందు పాల సంగతి. తల్లులకి 26 వారాల సెలవు ఇస్తున్నారు కదా, బిడ్డకి ఆరు నెలలు నిండాకే మన దగ్గరికి వస్తుందిలే అనుకుంటాం. కానీ అందులో 8 వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. అలా వాడుకున్న తల్లి నాలుగు నెలలు దాటిన పసిబిడ్డని ఎత్తుకొచ్చి మన గుమ్మంలో నిలబడుతుంది. అలాంటి బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, మంచినీళ్ళు కూడా వద్దు. ఆ తల్లి ఆఫీసులో క్రెష్, అంటే ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు, ఉందేమో కూడా అడుగు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలని 2017లో చట్టం మార్చారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చు. అది సరిగ్గా నడుస్తున్న ఆఫీసైతే పాలు తాగే బిడ్డని అక్కడే ఉంచుకోమ్మా అని నేనే చెప్పేదాన్ని. మనకొచ్చే డబ్బు తగ్గినా సరే, అది చెప్పాల్సిన మాటే.

మన దగ్గరే ఉంచితే, పిండిన పాలు ఐస్ పెట్టిన సంచిలో తెమ్మను. సీసా మీద పేరు, తేదీ, పిండిన టైము రాసి ఉండాలి. రాగానే ఫ్రిజ్‌లో లోపలి అరలో పెట్టు, తలుపు అరలో వద్దు. ఇచ్చేటప్పుడు వేణ్ణీళ్ళ గిన్నెలో కాసేపు ఉంచితే చాలు. మైక్రోవేవ్ జోలికి పోకు, సీసా పైకి చల్లగానే ఉంటుంది, లోపల పాలు నోరు కాలేంత వేడెక్కి ఉంటాయి. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటలు దాటాక పారబోయాల్సిందే. ఆఫీసులో ఏ మూల గదిలోనో కూర్చుని పిండుకున్న పాలు అలా పోతే ఆ తల్లికి ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే 60 మిల్లీలీటర్ల చొప్పున చిన్న చిన్న సీసాల్లో తెమ్మను. ఉగ్గుగిన్నె ఉంటే ఇంకా మంచిది, కడగడం తేలిక, మూలల్లో మురికి పట్టదు.

ఏడు నెలల పాపకి అన్నప్రాశన అయ్యే ఉంటుంది. కొత్త పదార్థం ఏదైనా ముందు వాళ్ళింట్లో పెట్టాలి, రెండు మూడు రోజులు చూశాకే మన దగ్గరికి రావాలి. గుడ్డైనా, వేరుశెనగైనా, గోధుమైనా అంతే. దద్దుర్లు లేస్తే ఏ ముద్ద వల్లో తల్లికి తెలియాలి. రాగిజావ, పప్పన్నం, ఇడ్లీ, ఏదైనా రోజు బాక్సులో రానీ, వేడి చేసి పెడదాం. ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించవద్దు, వాళ్ళ నానమ్మ చెప్పినా సరే. బాబుకి వేరుశెనగలు, ద్రాక్షపళ్ళు బాక్సులో పెడితే అలాగే ఇవ్వకు. ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యి, వేరుశెనగ పొడి చెయ్యి.

ఇంకోటి, ఇది కాస్త సున్నితమైన సంగతి. మీ ఇంట్లో గుడ్డు కూడా వండరు. వాళ్ళు బాబుకి ఉడికించిన గుడ్డు పెట్టి పంపితే నీ అత్తగారు ఏమంటారో ఇప్పుడే తేల్చుకో. కుదరదనుకుంటే ముందే చెప్పెయ్యి, వాళ్ళు వేరే చోటు చూసుకుంటారు. నన్నడిగితే, ఆ గుడ్డు ఆ బిడ్డ తిండి, మనది కాదు. విడిగా ఒక ప్లేటు, ఒక చెంచా పెట్టుకుంటే సరిపోతుంది. తెచ్చిన బాక్సు మూత తీయకుండా సాయంత్రం తిప్పి పంపడం మాత్రం నేను ఒప్పుకోను.

గిన్నెలు, చెంచాలు, గ్లాసులు వాళ్ళవే రావాలి, వాటి మీద పేరు కొట్టించమను. స్టీలు సామాన్ల షాపులో ఐదు నిమిషాల పని. స్టిక్కర్లు నాలుగుసార్లు తోమితే ఊడిపోతాయి, కొట్టించిన పేరు పోదు. డైపర్లు మూడు గంటలకొకటి లెక్కన చూసుకుని, పైన ఒకటి ఎక్కువ. రెండు జతల నూలు బట్టలు, మెత్తని పాత గుడ్డలు, ఒరుసుకుపోతే రాసే క్రీము, దుప్పటి. దిష్టి చుక్క పెట్టుకోనీ, కంటికి కాటుక మాత్రం వద్దు. బంగారం వద్దు, గాజులు వద్దు, మెడలో తాయెత్తు వద్దు. చొక్కాకి పిన్నీసు గుచ్చి పంపితే, అది విప్పి వాళ్ళ చేతికే ఇచ్చెయ్యి.

వాళ్ళమ్మ వేసుకుని విడిచిన నూలు చున్నీ ఒకటి, ఉతకనిది, బాబు కోసం పంపమను. పడుకునే వేళ పక్కన ఉంటే కుదురుకుంటాడు. పాపకి మాత్రం అలాంటివేవీ పక్కన పెట్టకు. ఏడాది లోపు వాళ్ళు వెల్లకిలా, దిండు లేకుండా, ముఖం దగ్గర ఏ గుడ్డా లేకుండా పడుకోవాలి.

వస్తువులతో పాటు వాళ్ళింటి మాటలు కూడా అడిగి రాసుకో. మా ఇంట్లో మమ్మం అంటే అన్నం. ఒక పాప "మమ్మం, మమ్మం" అని ఒకటే ఏడుపు. నేను ముద్దలు పెడుతూనే ఉన్నాను, అది ఉమ్మేస్తూనే ఉంది. సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి చెప్పింది, వాళ్ళింట్లో మమ్మం అంటే నీళ్ళట. ఏప్రిల్ ఎండల్లో ఆ పిల్ల మధ్యాహ్నమంతా దాహంతో ఏడ్చింది. అప్పటి నుంచి ప్రతి బిడ్డకీ నీళ్ళకి, ఒంటేలుకి, నిద్రకి వాళ్ళింట్లో ఏమంటారో మొదటి రోజే అడిగి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

ఇప్పుడు మందుల సంగతి. నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. ఒకరోజు పొద్దున ఒక తండ్రి హడావుడిగా వచ్చి, గేటు దగ్గరే సంచి చేతికిచ్చి, "జ్వరం వస్తే ఐదు ఎమ్మెల్ వెయ్యండి ఆంటీ" అని బండి ఎక్కి వెళ్ళిపోయాడు. పదకొండున్నరకి పిల్లాడి ఒళ్ళు కాలిపోతోంది. సంచిలోంచి సీసా తీశాను. చిన్న సీసా, మూతకి డ్రాపర్. మా మనవడికి వాడే జ్వరం సిరప్ సీసా పెద్దది, కప్పుతో ఉండేది. ఎందుకో చెయ్యి ఆగింది. కళ్ళద్దాలు పెట్టుకుని రెండు సీసాల మీదా చదివాను. మందు ఒకటే, పారాసెటమాల్. సిరప్ మీద 5 ఎమ్మెల్‌కి 120 మిల్లీగ్రాములని ఉంది. డ్రాప్స్ మీద 1 ఎమ్మెల్‌కే 100 అని ఉంది. అంటే ఆయన చెప్పినట్టు వేస్తే 500. వాడు ఎనిమిది కిలోల పిల్లాడు. కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన 120 చాలు, నేను వెయ్యబోయింది దానికి నాలుగు రెట్లు. వాళ్ళమ్మకి ఫోన్ చేస్తే తెలిసింది, డాక్టరు చెప్పిన మోతాదు సిరప్‌కి, అది అయిపోయి ముందు రాత్రి మందుల షాపు నుంచి డ్రాప్స్ తెచ్చారు. తండ్రికి ఆ తేడా తెలియదు. తడి గుడ్డతో వాడి ఒళ్ళు తుడుస్తుంటే నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

అందుకని నోటిమాట మీద ఏ మందూ వెయ్యకు. మందు దాని అట్టపెట్టెలో రావాలి, డాక్టరు చీటీ ఉండాలి, ఎంత, ఎన్నింటికి అని తల్లో తండ్రో రాసి సంతకం పెట్టాలి. ఇంట్లో ఆఖరుసారి ఎన్నింటికి వేశారో కూడా రాయాలి. ఇది ఎందుకంటున్నానంటే, జ్వరం ఉన్న బిడ్డకి పొద్దున ఏడింటికి సిరప్ వేసి, ఒళ్ళు చల్లబడ్డాక తీసుకొస్తారు. పదకొండు పన్నెండుకి మందు దిగిపోయి మళ్ళీ కాగుతుంది. వాళ్ళ మీద నాకు కోపం లేదమ్మా, సెలవు దొరకని ఉద్యోగాలు. కానీ దాచితే పక్క బిడ్డకీ అంటుకుంటుంది. జ్వరం, విరేచనాలు, నోట్లో చేతుల మీద పొక్కులు ఉంటే ఇంట్లోనే ఉంచుకోవాలి. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా తీసుకురాకూడదు. వసకొమ్ము అరగదీసి పట్టమన్నా, ఆముదం చుక్క వెయ్యమన్నా, చెయ్యనండీ అని మర్యాదగా చెప్పు. టీకాల కార్డు కాపీ ఒకటి తీసి పెట్టుకో.

ఇక మన వంతు. ముందు బాత్రూమ్. బకెట్‌లో అడుగున ఉన్న నీళ్ళు కూడా పసిపిల్లల ప్రాణం తీస్తాయి, తలకిందులుగా పడితే లేవలేరు. పిల్లలున్నంతసేపూ బకెట్లు ఖాళీగా, బోర్లించి ఉండాలి. తలుపుకి పైన గడియ పెట్టించు. బాల్కనీ గ్రిల్ పక్కన స్టూలు, మొక్కల కుండీ, ఎక్కడానికి వీలయ్యేవేవీ వద్దు. ఫినాయిల్, దోమల మందు సీసాలు అటక మీదికి పోవాలి. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే బిళ్ళ బ్యాటరీలు అన్నీ ఒకసారి చూడు, మింగితే గొంతు లోపల కాలిపోతుంది, గంటల్లో ప్రమాదం. మూత స్క్రూ లేని వస్తువు ఇంట్లోంచి తీసేయ్. దోమలకి వల కట్టు.

మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు కలిపి వస్తాయి కదా, తాగే నీళ్ళు కాచి చల్లార్చే ఇవ్వు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు మన దగ్గర ఉండాలి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి ఒక లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసులో కాస్త కాస్త వేసి కలపకూడదు. 108, పిల్లల అమ్మానాన్నల నంబర్లు, పిల్లల డాక్టరు నంబరు పెద్ద అక్షరాలతో ఫ్రిజ్ మీద అంటించు.

ఒక్కదానివే ఉన్నప్పుడు ముగ్గురికి మించి ఒప్పుకోకు, అందులో నడక రాని వాళ్ళు ఒక్కరే ఉండాలి. గొంతుకి ఏదైనా అడ్డుపడితే ఏం చెయ్యాలో చేతులతో నేర్చుకో, వీడియో చూసి వచ్చేసిందనుకోకు. ఏడాది లోపు బిడ్డకి ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద ఐదు దెబ్బలు, తిప్పి ఛాతీ మీద ఐదు నొక్కులు. ఈ వారంలో మీ పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళి చూపించమని అడుగు.

ఇంట్లో ఎవరెవరు ఉంటారో, పగలు ఎవరెవరు వస్తారో వాళ్ళకి చెప్పు. ఒళ్ళు కడగడం, బట్టలు మార్చడం నువ్వు ఒక్కదానివే చెయ్యి, మీ మరిది కానీ పనమ్మాయి కానీ చెయ్యకూడదు. పిల్లల ఫొటోలు స్టేటస్‌లో పెట్టకు. ఎవరికి అప్పగించాలో రెండు పేర్లు రాయించుకో. ఒకసారి ఒక బాబు తాతయ్య ఊరి నుంచి నేరుగా నా దగ్గరికే వచ్చారు. ముఖం చూస్తే అచ్చం ఆ బాబు ముఖమే. అయినా కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, కోడలు మీటింగ్‌లోంచి ఫోన్ ఎత్తేదాకా ముప్పావు గంట బిడ్డని పంపలేదు. ఆయన నొచ్చుకున్నారు. వెళ్ళేటప్పుడు మాత్రం చేతులు జోడించి వెళ్ళారు.

నోట్‌బుక్ సంగతి చెప్పాను కదా. ఎంత తిన్నది, ఎన్నిసార్లు డైపర్ మార్చింది, ఎంతసేపు నిద్రపోయింది, రోజూ రెండు లైన్లు రాసి సాయంత్రం చూపించు. పడితే, దెబ్బ తగిలితే, వెంటనే ఫోన్ చెయ్యి. ఓసారి గడప తగిలి ఒక పాపకి తల వెనక బొప్పి కట్టింది, జుట్టులో కనబడదు కదా, చిన్నదేగా అని చెప్పలేదు. రాత్రి నీళ్ళు పోస్తుంటే వాళ్ళమ్మ చేతికి తగిలింది. మర్నాడు ఆమె నన్నేమీ అనలేదు. పాపని దింపి, చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూసి, మళ్ళీ చూసి, మెట్లు దిగింది. నెలరోజులు అలాగే చూసింది. తప్పు నాదే.

డబ్బు, టైము, సెలవులు కూడా కాగితం మీద పెట్టుకోండి. సాయంత్రం ఎన్నింటి దాకా, ఆలస్యమైతే గంటకెంత, సంక్రాంతికి నువ్వు ఊరెళ్ళేది ఏ తేదీల్లో, నెల ముందే తెలియాలి. మొదటి వారం రోజుకి రెండు గంటలే ఉంచమను, తర్వాత నాలుగు, ఆ తర్వాత పూర్తిగా.

ఆదివారం పొద్దున్నే బయల్దేరి వస్తాను. నేలమీద మోకాళ్ళ మీద పాకుతూ ఇల్లంతా ఒకసారి చూద్దాం, ఆ ఎత్తు నుంచి చూస్తేనే పిల్లల చేతికి ఏమేం అందుతాయో తెలుస్తుంది. ఈలోగా బాత్రూమ్ గడియకి మేస్త్రీని పిలిపించు. మా ఇంట్లో పిల్లలు పడుకున్న చాపలు నాలుగు ఉన్నాయి, ఎండలో వేసి తెస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ